ముందు చూసినవారే తప్పుకోవాలి

రోజు 1

బాధితుల సహాయ కేంద్రం వారికి మైలపిల్లి నూకరత్నం రాస్తున్నది. వయసు నలభై ఒకటి. ఊరు నీటిపాలెం, తొమ్మిదో తెప్ప. పని నీళ్ల గది నడపడం.

ముప్పై రోజులు వరసగా, చేత్తో, నల్ల సిరాతో రాయమన్నారు. చేత్తో రాస్తేనే బాధ నిజమో కాదో తెలుస్తుందట. గడిచిన తొమ్మిదేళ్లలో మీకు పది పుస్తకాలు ఇచ్చాను. మూడు తడిసిపోయాయన్నారు. నాలుగింట్లో సిరా నీలంగా ఉందన్నారు. మిగతా మూడూ "చదవడానికి మనసు బరువెక్కుతోంది" అని వెనక్కి పంపారు. అందుకని ఈ పదకొండోది తేలిగ్గా రాస్తాను. టీ తాగుతూ చదువుకోండి.

విషయం మీకు తెలిసిందే. ధనరాజు అనే ఆయన తొమ్మిదేళ్లుగా నా వెంట పడుతున్నాడు. ఉండేది మూడో తెప్పలో. తెప్పకూ తెప్పకూ మధ్య కట్టిన మోకులు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం. కాబట్టి ఊళ్లో ఏ మూలకైనా, ఏ వేళప్పుడైనా వెళ్లే హక్కుంది. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉంటుంది. ఊరందరికీ బంగారం లాంటి మనిషి.

ఈ ముప్పై రోజుల్లో నాకు "హాని" జరిగిందని రుజువు కాకపోతే నా భద్రత కోసం నన్ను విడి తెప్పకు మారుస్తామన్నారు. విడి తెప్ప అంటే ఊరికి రెండు కిలోమీటర్ల అవతల సముద్రంలో ఒక దీపస్తంభం, ఒక గది, నేను. పద్నాలుగేళ్లుగా నడుపుతున్న నీళ్ల గది వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.

"ఆయన్నే అక్కడికి మార్చొచ్చు కదండీ?" అని కేంద్రం అధికారి కామేశం గారిని అడిగాను.

"ఆయన మీద ఫిర్యాదేమీ లేదు కదమ్మా."

"మరి నేనిచ్చినవేంటండీ?"

"అవి మీ ఫిర్యాదులు."

రోజు 2

చీకటితో లేచి వడపోత చాపలు ఉతికాను. సముద్రపు నీళ్లు ఆ చాపల్లోంచి ఏడుసార్లు కారితేగానీ తాగే నీళ్లు కావు. ఒక్కరోజు ఉతక్కపోతే తెప్పంతా ఉప్పు టీ తాగాలి. ఆరింటికి కుళాయి తిప్పాను. ఏడో బిందె నిండుతుండగా నా చేతి కడియం మోగింది.

"నూకరత్నం గారూ, ధనరాజు గారు మీకు యాభై అడుగుల లోపలికి వచ్చారు. దయచేసి పదో తెప్ప మీదుగా తప్పుకోండి," అంది సరంగు.

సరంగు మా ఊరిని నడిపే యంత్రం. ఏ తెప్ప మీద ఎంతమంది ఉన్నారు, వాళ్ల బరువెంత, ఏ అంచు ఎంత మునిగింది, అన్నీ దానికి తెలియాలి. లేకపోతే ఊరు ఒరిగిపోతుంది. తెప్పకు తొంభై మంది మించకూడదు. మా ఊళ్లో పెళ్లికి పిలిస్తే వస్తామో రామో కాదు, ముందు బరువు చెప్పాలి.

"నేను పనిలో ఉన్నాను," అన్నాను.

"తెలుసు. శుభదినం."

నా కడియం దగ్గర లేకపోతే కుళాయి పారదు. నేను కదిలాను, నీళ్లు ఆగాయి. బారులో ఉన్న యాభైమంది నావైపు చూసిన చూపులు ఇక్కడ రాయను, మీ మనసు బరువెక్కుతుంది.

ఇదంతా తెప్ప చట్టం మొదటి సూత్రం చలవ. ముందు చూసినవారే తప్పుకోవాలి. మా పూర్వీకులు చేపల వేటకు పోయేనాటి ఏర్పాటది. పొగమంచులో రెండు తెప్పలు ఎదురైతే అవతలివాణ్ణి ముందు చూసినవాడు పక్కకు తిప్పాలి. చూడనివాడికి చెప్పి లాభం లేదు కదా. నీళ్ల మీద ఎంతో తెలివైన పద్ధతి. తీరం మునిగిపోయి, ఇరవై రెండు తెప్పలు గుండ్రంగా కట్టుకుని ఊరు చేసుకున్నాక ఆ సూత్రాన్నే మనుషులకూ తగిలించారు. తొమ్మిదేళ్ల కిందట "ఇతను నా వెంట పడుతున్నాడు" అని నమోదు చేయించింది నేను. అంటే ముందు చూసింది నేను. కాబట్టి చచ్చేదాకా తప్పుకోవలసిందీ నేనే. ధనరాజు మాత్రం నన్ను చూసినట్టు ఇంతవరకూ ఎక్కడా నమోదు చేయించుకోలేదు. చట్టం ప్రకారం పాపం ఆయన నన్ను చూడనే లేదు.

రోజు 3

పొద్దున్నే తలుపు తీస్తే నా చెప్పులు రోజూలాగే వీధివైపు తిరిగి, జతగా సర్ది ఉన్నాయి. నేను రాత్రి ఎలా విడిచినా తెల్లారేసరికి అలాగే ఉంటాయి, తొడుక్కోవడానికి వీలుగా. కడియంలో సందేశం: "శుభోదయం రత్నం గారూ. నిన్న వంకాయ కొంచెం మాడినట్టుంది. ఆరోగ్యం జాగ్రత్త."

మీరిచ్చిన పట్టికలో గళ్లు నింపుతున్నాను. వస్తు నష్టం: లేదు. శరీర గాయం: లేదు. దుర్భాష: లేదు. "ఇతరములు" అనే గడి అంగుళం వెడల్పుంది. వంకాయ మాడిన వాసన తెలియాలంటే మనిషి నా కిటికీ కింద ఎంతసేపు నిలబడి ఉండాలో ఆ అంగుళంలో పట్టలేదు.

రోజు 5

సహాయ కేంద్రానికి వెళ్లాను. పదింటి నుంచి పన్నెండింటి దాకా తెరుస్తారు, మధ్యలో టీ. కామేశం గారు చెడ్డవారు కాదు. కుర్చీ చూపించి, కళ్లజోడు తుడుచుకుని, సలహాల పుస్తకం తెరిచారు.

"రోజూ ఒకే దారిన వెళ్లకండి. దారి మార్చండి."

"ఊరు గుండ్రంగా ఉందండీ. ఉన్నదే ఒక దారి."

"అయితే వేళలు మార్చండి."

"ఆరింటికే నీళ్లివ్వాలని ఊరి సంఘం వాళ్లే కదండీ బోర్డు పెట్టారు?"

ఆయన పేజీ తిప్పారు. "ఎప్పుడైనా ఆయన్ని చూసి నవ్వారా?"

గుర్తు చేసుకున్నాను. తొమ్మిదేళ్ల కిందట నీళ్ల బారులో ఆయన చేతిలోంచి బిందె జారి, నీళ్లన్నీ ఆయన పంచె మీదే పడ్డాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటే చెప్పాను.

"అదీ!" అని కామేశం గారు ఎంతో ఊరటగా రాసుకున్నారు.

వచ్చేటప్పుడు ఒక చిన్న డబ్బా ఇచ్చారు. రాత్రి నిద్ర పట్టకపోతే నొక్కుకోవాలట, మనసు కుదుటపడే శబ్దం వస్తుంది. ఇంటికొచ్చి నొక్కాను. అలల శబ్దం. పుట్టినప్పటి నుంచీ అలలు నా గది నేలను కింది నుంచి కొడుతూనే ఉన్నాయి మహాప్రభో.

రోజు 6

ధనరాజు నాలుగుసార్లు వచ్చాడు. నేను ఊరు మూడుసార్లు చుట్టాను. కుళాయి రెండు గంటలు ఆగింది. బారులో తిట్లు పదకొండు, పదకొండూ నాకే.

రోజు 8

ఇవాళ ఎర్రమ్మత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. పక్క గదిలో ఉంటుంది, యాభై అయిదు దాటాయి, గొంతు మాత్రం ఆరు తెప్పల దూరం వినిపిస్తుంది. సగం నిండిన బిందె చంకన పెట్టుకుని నా మీదికి వచ్చింది.

"ఒలే నూకా! నీ గొడవేటో నువ్వు తేల్చుకోవే. మా బిందెలేటి పాపం సేసినాయి?"

"నేనేం చేశానత్తా? సరంగు పొమ్మంటే పోతున్నాను."

"ఆ బాబు మా పొయ్యి బాగుసేసిచ్చినాడు. రూపాయి పుచ్చుకోనేదు. కనబడితే సెయ్యెత్తి దణ్ణమెడతాడు. అలాటోడు నీ ఎనకాల ఎందుకు పడతాడే? నువ్వేటి సిన్నపిల్లవేటి?"

ఈ ముక్క తొమ్మిదేళ్లలో ఎంతమంది అన్నారో. మొదట్లో ఏడ్చేదాన్ని, తర్వాత సర్దిచెప్పేదాన్ని, తర్వాత నోరు మూసుకున్నాను. ఇవాళ మాత్రం ఒళ్లు మండిపోయింది.

"రేపు ఒక్కరోజు నాతో నడు అత్తా. నేనెక్కడికి పోతే అక్కడికి రా. సాయంత్రానికి నాదే తప్పంటే విడి తెప్పకి నేనే పోతాను, ముప్పై రోజులు కూడా ఆగను."

"నడుత్తాను. నాకేటి బయమా?"

రోజు 9

ఆరూ పదికి కడియం మోగింది. పదో తెప్ప మీదుగా బయల్దేరాం. ఎర్రమ్మత్త హుషారుగా, దారిలో కనిపించినవాళ్లందరినీ పలకరిస్తూ నడిచింది. పద్నాలుగో తెప్పలో ఆగి ఎండు నాచు బేరం చేస్తుంటే కడియం మళ్లీ మోగింది. వెనక్కి చూస్తే నడవ చివర ధనరాజు, చేతిలో మోకు, మొహంలో చిరునవ్వు.

"తాళ్లు సూసుకుంటన్నాడు పాపం," అంది అత్త.

పదిహేడులో మోగింది. ఇరవైలో మోగింది. రెండో తెప్పలో చెక్క మీద కూర్చుని చద్దన్నం మూట విప్పామో లేదో, మోగింది. అన్నం చేత్తో పట్టుకునే లేచాం. మధ్యాహ్నానికి అత్త పలకరింపులు ఆగిపోయాయి. మేం వెనక్కి తిరిగి అటునుంచి నడిస్తే ఆయన కూడా దారి మార్చి అటునుంచి ఎదురొచ్చాడు. ప్రతిసారీ అదే నవ్వు. అదీగాక అత్తకి నమస్కారం కూడా పెట్టాడు.

ఏడోసారి మోగినప్పుడు అత్త నిలబడిపోయింది. కాళ్లు వాచిపోయాయి. ఆయన సరిగ్గా యాభై అడుగుల దూరాన, కంటికి కనపడని గీత దగ్గర ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడ్డాడు. కాలు లోపల పెడితే నా కడియం మోగుతుంది, తీస్తే ఆగుతుంది. పెట్టాడు. తీశాడు. పెట్టాడు. చిన్నపిల్లవాడు గిలక ఆడించుకున్నట్టు.

అత్త కొంగు నడుముకి బిగించింది. నోరు విప్పాక ఆగలేదు.

"ఓరి నీ మొకం మండ! నీ పాడె ముడులు నువ్వే కట్టుకోరా! ఆడకూతుర్ని గానుగెద్దులాగ తిప్పుతన్నావేట్రా? నా పొయ్యి ఆరిపోతే ఆరిపోనీ, నీ సేతితో బాగుసేసిన పొయ్యి మీద నానింక కూడొండను!"

ధనరాజు చేతులు జోడించి, "ఎండకి పెద్దావిడకి తల తిరిగినట్టుంది, రత్నం గారూ. మంచినీళ్లు ఇప్పించండి," అన్నాడు.

అత్త ఇంటికొచ్చి కాళ్లకు నూనె రాసుకుంటూ నావైపు చూడలేకపోయింది. "తొమ్మిదేళ్లేటే?" అంది. అవునన్నాను. ఇద్దరం కూర్చుని ఏడ్చాం. దీనికి పట్టికలో గడి లేదు.

రోజు 10

ఇవాళ ఏమీ రాయాలని లేదు. రాయకపోతే వరస తప్పిందని మళ్లీ మొదటి రోజు నుంచి రమ్మంటారు. రాశాను.

రోజు 14

సంఘం సభ. నా విషయం మాట్లాడటానికి అయిదు నిమిషాలిచ్చారు. సభ పదకొండో తెప్పలో. ధనరాజు ముందు వరసలో కూర్చున్నాడు. కాబట్టి నేను లోపలికి పోవడానికి వీల్లేదు. పన్నెండో తెప్ప అంచున నిలబడి, గాలికి ఎదురు అరిచి మాట్లాడాను.

కొత్తగా ఏం అడగలేదు. వెంట పడేవాణ్ణి కదలమనండి, ఆ బాధ పడేదాన్ని కాదు అన్నాను. ఎవరు ఎప్పుడు ఎక్కడ నడిచారో తొమ్మిదేళ్ల లెక్క సరంగు దగ్గర ఉంది, దాన్ని అడగండి, నా చేత పుస్తకాలు రాయించకండి అన్నాను. కేంద్రానికి వచ్చినదాన్ని నవ్వావా అని అడిగే బదులు ఇంటిదాకా తోడు వచ్చే మనిషినొకర్ని పెట్టండి అన్నాను. భయంతో బతికేదానికి సలహా కంటే తోడు ముఖ్యం అన్నాను. గొంతు పోయింది.

"రత్నమ్మ చాలా చక్కగా మాట్లాడింది," అన్నారు సంఘం పెద్ద. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ముగ్గురితో ఉపసంఘం వేశారు. ఒకరు పెద్దగారి బావమరిది. ఇంకొకరు కామేశం గారు. మూడో సభ్యుడు ఊళ్లో అన్ని తెప్పలూ క్షుణ్ణంగా తెలిసినవాడై ఉండాలన్నారు. ధనరాజు లేచి, దణ్ణం పెట్టి, "రత్నం గారి భద్రత కోసం నా వంతు సాయం నేను చేస్తాను," అన్నాడు.

నేను పగలబడి నవ్వాను. అంత దూరం నుంచీ కామేశం గారు విని రాసుకున్నారు.

రోజు 16

ఉపసంఘం నివేదిక రెండు రోజుల్లోనే వచ్చింది. విడి తెప్పలో గాలి బాగుంటుందట.

పదహారు రోజులైపోయాయి. పద్నాలుగే మిగిలాయి. నీళ్ల గదిలో కూర్చుని చాపలకు కుట్లు వేస్తున్నాను. వచ్చేవారికి ఏ చాప ఎక్కడ కారుతుందో చెప్పడానికి గుర్తులు పెడుతున్నాను కూడా. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఎర్రమ్మత్త వచ్చి అది చూసింది. చూసి తన కడియాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"సరంగు బావూ! ఆ ధనరాజుగోడు దీని ఎంటపడటం నాను నా కళ్లతో సూసినాను. రాసుకో."

"మీరు ధనరాజు గారిని చూసినట్టు నమోదైంది," అంది సరంగు. "ఇకపై ఆయన యాభై అడుగుల లోపలికి వస్తే మీరు తప్పుకోవాలి. శుభదినం."

అత్త నోరెళ్లబెట్టింది. "ఓలమ్మో! ఇదేటే? సాచ్చికం సెప్తే నాకూ తగిలించీసింది!"

మా ఊళ్లో సాక్ష్యం చెప్పడమంటే అంతే. అందుకే ఎవరూ ఏదీ చూడరు. అత్త కడియం విప్పడానికి పెనుగులాడుతోంది, నేను మాత్రం సూది పక్కన పెట్టాను.

"సరంగూ, ఒక మనిషిని ఎంతమంది చూడొచ్చు?" అని అడిగాను.

"పరిమితి లేదు. కళ్లుంటే చాలు."

"వాళ్లందరూ తప్పుకోవాలా?"

"అందరూ."

"చూడబడిన మనిషికి చెబుతారా?"

"చూడనివారిని ఇబ్బంది పెట్టడం చట్టంలో లేదు."

రోజు 20

నాలుగు రోజులుగా తొమ్మిదో తెప్పలో గడప గడపా ఎక్కుతున్నాం. మాట ఒకటే. ఇరవై నాలుగో రోజు ఆరింటికి, బారులో నిలబడి, అందరూ ఒకేసారి "చూశాను" అని నమోదు చేయాలి.

ఎవరికి వాళ్లకే ఒక కారణం. ఆయన మా తలుపు గొళ్లెం బిగించాడమ్మా అంది ఒకామె. పాపం ఆయన మనసు నొచ్చుకోదా అన్నాడొకాయన. నా మనసు సంగతి ఆయన తొమ్మిదేళ్లలో అడగలేదు. ఇంకొకావిడ మరీ నిజాయితీగా, "నీలాగ మేమూ తిరగాలేటమ్మా?" అంది. అవును, తిరగాలి.

దానికి జవాబు ఎర్రమ్మత్త దగ్గర ఉంది. కాదన్నవాళ్లని చెయ్యి పట్టుకుని నాతో ఒక్క చుట్టు తిప్పుకొస్తోంది. ఒక్క చుట్టు చాలుతోంది. ధనరాజు ఎవరినీ నిరాశ పరచడం లేదు, సమయానికి వస్తున్నాడు, నవ్వుతున్నాడు, కాలు గీత మీద పెట్టి తీస్తున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన రాక కోసం నేను ఎదురుచూశాను.

రోజు 23

అరవై ఒక్కమంది. నాతో కలిపి. రేపు ఆయన రాకపోతే? వీళ్లు మనసు మార్చుకుంటే? ఏడు రోజుల్లో పడవ వచ్చి నన్ను తీసుకుపోతుంది. అక్కడ అరిస్తే వినడానికి కూడా ఎవరూ ఉండరు, ఆయనకి మాత్రం మోకులు చూసే పేరుతో పడవ ఇస్తారు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఇక్కడే రాస్తున్నాను.

రోజు 24

ఆరింటికి కుళాయి తిప్పాను. ఎర్రమ్మత్తది ముందే నమోదైంది కాబట్టి, యాభై తొమ్మిది గొంతులు ఒకేసారి "చూశాను" అన్నాయి. సరంగు యాభై తొమ్మిదిసార్లు శుభదినం చెప్పింది.

ఆరున్నరకి ధనరాజు వచ్చాడు, చేతిలో ఖాళీ బిందె. మూడో తెప్పలో కుళాయి ఉండగా మా బారులోకే ఎందుకు వస్తాడో తొమ్మిదేళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. గీత దాటాడు. అరవై ఒక్క కడియాలు మోగాయి. ఆ మోతకి కప్పు మీది సముద్రపు కాకులు లేచిపోయాయి.

అందరం బిందెలు ఎత్తుకుని పదో తెప్పకి నడిచాం. అలవాటు చొప్పున ఆయన వెనకే వచ్చాడు. ఒక్క మనిషి వెనక వస్తే తాళ్లు చూసుకుంటున్నాడనుకోవచ్చు. అరవై ఒక్కమంది వెనక, ఖాళీ బిందెతో వస్తుంటే ఏమనుకోవాలి? గుమ్మాల్లోకి వచ్చి జనం చూడటం మొదలుపెట్టారు.

పదో తెప్పలో అప్పటికే డెబ్భై మంది ఉన్నారు. మేం ఎక్కేసరికి ఎడమ అంచు అరడుగు మునిగింది. సంఘం పెద్దగారి ఇల్లు ఎడమ అంచునే. లోపలి నుంచి జాడీలు దొర్లిన చప్పుడు, వెనకాలే ఆయన కేక. లుంగీ ఎగ్గట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చారు. ఆయన వెంట నాచు పచ్చడి కలిసిన సముద్రం గడప దాటి వచ్చింది.

"దయచేసి సమానంగా తప్పుకోండి," అంది సరంగు. "దయచేసి. దయచేసి." దాని గొంతులో కంగారు వినడం నాకదే మొదటిసారి.

పదకొండో తెప్ప. పన్నెండు. ఎక్కడికి పోతే అక్కడ ఒరుగుతోంది. ఊరంతా బిందెలు దొర్లుతున్నాయి. పదమూడో తెప్ప మధ్యలో ఎర్రమ్మత్త గిర్రున వెనక్కి తిరిగింది.

"ఒరే ధనరాజూ! నీ తెప్పలో కుళాయి నేదేట్రా?"

ఆయన ఆగాడు. చుట్టూ చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది, ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు.

"నేనేం చేశాను? పలకరించడం కూడా తప్పేనా?" అన్నాడు.

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. కడియాలన్నీ మోగాయి. అరవై ఒక్కమందీ ఒక అడుగు వెనక్కి వేశాం. ఇంకో అడుగు వేశాడు. మేమూ వేశాం. మూడో అడుగు వేయలేదు. బిందె కింద పెట్టి నిలబడ్డాడు.

ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధం. భయమే వేసింది, ఎప్పుడూ వేసినంతే. కాకపోతే ఇన్నేళ్లకి మొదటిసారి నా పక్కన ఇంకో అరవై మంది భయపడుతున్నారు. అంత హాయిగా భయపడొచ్చని నాకు తెలియదు.

రోజు 25

అత్యవసర సభ. పెద్దగారి పచ్చళ్లు పాడైపోవడంతో నీటిపాలెం చరిత్రలో మొదటిసారి సభ చెప్పిన వేళకి మొదలైంది. సరంగు లెక్క చెప్పింది: అరవై ఒక్కమందిని కదిపితే మూడు వేల ఏడు వందల కిలోలు కదులుతాయి, ఒక్కణ్ణి కదిపితే అరవై ఎనిమిది.

"ఇంత ప్రమాదం ఉందని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని పెద్దగారు నన్ను అడిగారు. నేను కామేశం గారివైపు చూశాను. కామేశం గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

అప్పుడు ఎవరికో తట్టి సరంగునే అడిగారు, ఈయన ఈవిడ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాడని.

"తొమ్మిదేళ్లలో పదకొండు వేల నాలుగు వందల పన్నెండు సార్లు. ఆమె కిటికీ కింద ఆరు వందల మూడు రాత్రులు."

పెద్దగారు కుర్చీలోంచి లేచారు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఎవరూ అడగలేదు."

నా బదిలీ రద్దయింది. విడి తెప్పకు ధనరాజును పంపమన్నారు. నా కన్నీళ్లకి కాదు, పదకొండు పుస్తకాలకి కాదు, తూకం తప్పినందుకు. ఏదైతేనేం. ఆ రాత్రి ఎర్రమ్మత్త చేపల పులుసు పెట్టింది, మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను.

రోజు 27

ఆయన్ని పడవలో తీసుకెళ్లారు. కడియం తీసేసుకున్నారు. కొందరు వీడ్కోలు చెప్పడానికి వెళ్లారట, పాపం పొయ్యిలు బాగుచేసేవాడు కదా అని.

నేను మాత్రం ఆరింటికి కుళాయి తిప్పి, ఆరున్నరకి పదో తెప్పవైపు నడిచాను. ఏ కడియమూ మోగలేదు. కాళ్లే నడిచాయి. బారులో వాళ్లు పిలిస్తేగానీ వెనక్కి రాలేదు. తొమ్మిదేళ్ల అలవాటు రెండు రోజుల్లో పోదు. మీ కేంద్రంలో దీనికేమైనా ఉందా? అలల డబ్బా కాకుండా?

రోజు 30

కామేశం గారు స్వయంగా నీళ్ల గదికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. కొత్త చట్టం అచ్చయింది. చదివి వినిపించారు.

"ముందు చూసినవారే తప్పుకోవాలి. అయితే చూసినవారు అరవై ఒక్కరు గానీ, అంతకు మించి గానీ ఉన్న ఎడల, చూడబడినవారు తప్పుకోవాలి."

"దీనికి మీ పేరే పెట్టారమ్మా. నూకరత్నం సవరణ!"

"చూసినవాళ్లు అరవై మందే ఉంటే?"

"అరవై మందీ తప్పుకోవాలి."

"ఒక్కతే ఉంటే?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "పుస్తకం రాసుకోవచ్చు. ఇకనుంచి పుస్తకం మేమే ఉచితంగా ఇస్తున్నాం," అన్నారు. నేను సంతకం పెట్టాల్సిన చోటు చూపించారు. "సంతృప్తి చెందితిని" అని ఉంది. పెట్టలేదు.

ఆయన వెళ్లాక బారు కదిలింది. పదిహేనో బిందె దగ్గర ఒక కొత్త మొహం. పాతికేళ్లుంటాయేమో. కడియం మీద పదహారో తెప్ప గుర్తుంది. బిందె కుళాయి కింద పెట్టలేదు, చంకనే పట్టుకుని నిలబడింది.

"నూకరత్నం అంటే మీరేనా అండీ?"

"నేనేనమ్మా."

"నాకు అరవై ఒక్కమంది లేరండీ." బిందెను ఇంకా దగ్గరికి లాక్కుంది. "నానొక్కద్దాన్నే."

వెంట పడేది ఎవరని అడిగాను. పేరు చెప్పింది. ఎక్కడని అడిగాను. తల తిప్పకుండా కళ్లతో చూపించింది. నడవ చివర స్తంభానికి ఆనుకుని, ఎర్ర చొక్కా వేసుకుని, గోళ్లు చూసుకుంటున్నాడొకడు.

నేనూ చూశానన్నానంటే, వీడు యాభై అడుగుల లోపలికి వచ్చినప్పుడల్లా మళ్లీ తప్పుకోవాలి. కుళాయి ఆగుతుంది, తిట్లు పడతాయి, ఊరు చుట్టాలి. మూడు రోజులే అయింది కాళ్లకి తీరిక దొరికి. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లను కసిరి పంపేద్దామని ఒక్క క్షణం అనిపించింది.

కడియం నోటి దగ్గర పెట్టుకుని వాడి పేరు చెప్పాను. "చూశాను," అన్నాను.

వెనక నుంచి ఎర్రమ్మత్త బిందె కింద పెట్టి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఉండవే, నాకు సరిగ్గా ఆనట్నేదు. ఆ ఎర్ర సొక్కావోడేనా?"

అవునన్నాను. అత్త కూడా తన కడియం ఎత్తింది.

బారులో మిగిలినవాళ్లు ఒక్కొక్కరే అటు తిరిగి చూడటం మొదలుపెట్టారు.